మూత్రం నుంచి మంచినీళ్లు సరే, పంపు పాడైతే? అంతరిక్ష కేంద్రం ప్రాణాధార యంత్రాలపై సమీక్ష

సమీక్షకు తీసుకున్నది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమెరికా వైపు నడుస్తున్న గాలి, నీళ్ల యంత్రాల వ్యవస్థ. మూత్రాన్ని, చెమటను, ఊపిరిలోని తేమను పట్టి తాగేనీళ్లుగా మారుస్తుంది. ఆ నీళ్లను చీల్చి ఆక్సిజన్ ఇస్తుంది. గదుల్లోంచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. ఆ కేంద్రంలో 2000 నవంబరు 2 నుంచి మనుషులు లేని రోజంటూ లేదు. ఇప్పుడున్న నీటి యంత్రాలు 2008 నవంబరులో పైకి వెళ్లాయి. ఇంతకాలం నిజంగా వాడిన ప్రాణాధార వ్యవస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అందుకే అంగారకుడి ప్రయాణం మాట ఎత్తిన ప్రతివాళ్లూ దీన్నే చూపిస్తారు.

మార్కులు ముందే చెప్పేస్తే నయం. భూమి చుట్టూ తిరిగే కేంద్రానికైతే 5కి 4. అంగారకుడికి వెళ్లి రావడానికైతే 5కి 2. అవే యంత్రాలు, అదే పనితనం. తేడా అంతా కింద నుంచి వచ్చే స్పేర్ పార్టుల్లో ఉంది.

మూత్రం శుద్ధి చేసే యంత్రంతో మొదలుపెడదాం. దీని బుర్ర ఒక తిరిగే డ్రమ్ము. భూమ్మీద నీళ్లు కాచితే ఆవిరి పైకి పోతుంది, నీళ్లు అడుగున ఉంటాయి. బరువులేని చోట పైనా లేదు, అడుగూ లేదు. ద్రవం, ఆవిరి కలగలిసి నురగగా మిగులుతాయి. అందుకని బట్టలు పిండే యంత్రంలోలా డ్రమ్మును గిరగిరా తిప్పి, మూత్రాన్ని దాని లోపలి గోడకు పల్చని పొరలా అంటిస్తారు. లోపల పీడనం బాగా తగ్గించి ఉంచుతారు కాబట్టి మరిగించడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. లేచిన ఆవిరిని కంప్రెసర్ పట్టి, కొంచెం నొక్కి, డ్రమ్ము బయటి వైపుకు తోస్తుంది. అక్కడ అది చల్లబడి నీళ్లవుతూ వదిలే వేడి, లోపలి వైపున్న మూత్రాన్ని ఆవిరి చేయడానికే పనికొస్తుంది. ఒకే వేడిని తిప్పి తిప్పి వాడుకోవడం వల్ల కరెంటు కలిసొస్తుంది. ఆలోచన చక్కగా ఉంది, అందులో అనుమానం లేదు.

చిక్కు మూత్రంలోనే వచ్చింది. డిజైన్ ప్రకారం వచ్చిన మూత్రంలో 85 శాతం నీరు తిరిగి రావాలి. మొదలుపెట్టిన కొన్నాళ్లకే డ్రమ్ములో తెల్లటి గట్టి పదార్థం పేరుకుపోయింది. తేలింది ఏమిటంటే, బరువులేని చోట ఎముకలు కరిగి వ్యోమగాముల మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. మూత్రం చెడిపోకుండా కలిపే మందులో అప్పట్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండేది. రెండూ కలిసి, నీరు తగ్గేకొద్దీ, కాల్షియం సల్ఫేట్‌గా గడ్డకట్టాయి. భూమ్మీది మనుషుల మూత్రంతో చేసిన పరీక్షల్లో ఇది బయటపడలేదు, ఎందుకంటే వాళ్ల ఎముకలు కరగడం లేదు. వెంటనే చేయగలిగిందల్లా అంతగా చిక్కబరచకుండా ముందే ఆపేయడం. దాంతో 85 శాతం కాస్తా 70 పైచిలుకుకు పడింది. తర్వాత సల్ఫ్యూరిక్ బదులు ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారాక మళ్లీ పాత స్థాయికి చేరింది. ఎముకలు కరగకుండా కాపాడే వ్యాయామ యంత్రానికీ మూత్రం యంత్రానికీ సంబంధం ఉంటుందని డిజైన్ దశలో ఎవరూ తలచి ఉండరు. ఉంది.

డ్రమ్ములో చివరికి మిగిలేది చిక్కటి ఉప్పురసం. ఆమ్లం, క్రోమియం ఉన్న మందు కలిసి ఉంటుంది కాబట్టి ఒంటికి తగిలితే ప్రమాదం. ఒక పొర సంచిలో ఉంచడానికి లేదు. మొదట్లో దీన్ని వృథా కిందే లెక్కేసేవారు. 2021లో పంపిన చిన్న యంత్రం ఈ పని చూసుకుంటోంది. ఉప్పురసాన్ని ప్రత్యేకమైన పొరతో చేసిన సంచిలో నింపి, చుట్టూ వెచ్చటి పొడిగాలి తోలుతారు. నీటి ఆవిరి పొరలోంచి బయటికొస్తుంది, ఉప్పు, విషం లోపలే ఉండిపోతాయి. ఆ ఆవిరి గదిలోని తేమలో కలిసి, మామూలు తేమతో పాటు మళ్లీ నీళ్ల యంత్రంలోకి చేరుతుంది. ఎండిన సంచిని చెత్తలో పడేస్తారు. కదిలే భాగాలు తక్కువ, పని ఖచ్చితం. మొత్తం వ్యవస్థలో మనసారా మెచ్చుకోదగ్గ వస్తువు ఇదే. అంతకుముందు 93-94 శాతం దగ్గర ఆగిన మొత్తం నీటి రికవరీ దీనితో 98 శాతానికి చేరిందని నాసా 2023 జూన్‌లో ప్రకటించింది.

ఈ 98 అనే అంకెనే అందరూ పట్టుకుంటున్నారు. లెక్క వేసి చూద్దాం. నలుగురు మనుషులు, సుమారు 1000 రోజుల అంగారక యాత్ర. తాగడానికి, తిండి కలపడానికి, శుభ్రతకు మనిషికి రోజుకు 3.8 లీటర్లు. మొత్తం 15 టన్నుల పైన. 93 శాతం తిరిగొస్తే వెంట తీసుకెళ్లాల్సినవి వెయ్యి కిలోల పైచిలుకు. 98 శాతం తిరిగొస్తే 300 కిలోలు. అంటే ఆ చివరి ఐదు శాతం తెచ్చిపెట్టిన ఆదా 760 కిలోలు. ముతక లెక్కే, కానీ కొలత అర్థం కావడానికి చాలు.

ఇప్పుడు 2024 వేసవికి రండి. మూత్రం యంత్రంలో ఒక పంపు అనుకున్న గడువుకు ముందే పాడైంది. కొత్తది రావాల్సింది ఆగస్టులో వెళ్లే సరుకు నౌకలో. అప్పటిదాకా ఆగితే మూత్రాన్ని ట్యాంకుల్లో, సంచుల్లో పట్టి ఉంచాలి, ఆ చోటు కూడా పరిమితమే. దాంతో జూన్ 5న వ్యోమగాములతో బయల్దేరిన బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లోనే ఆ పంపును ఎక్కించారు. సుమారు 70 కిలోల బరువు. దానికి చోటు చేయడానికి సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్‌ల బట్టల సూట్‌కేసులు దింపేశారు. వారం రోజులకు వెళ్లి 286 రోజులు ఉండిపోయినవాళ్లు వాళ్లే అన్న సంగతి అలా ఉంచండి. యంత్రం పరంగా చూడాల్సింది వేరే ఉంది: పంపు పాడైంది, కొద్ది వారాల్లో కొత్తది చేతికందింది. 400 కిలోమీటర్ల ఎత్తులో అది కుదురుతుంది. అంగారకుడి దారిలో కుదరదు. అక్కడికి ప్రయోగానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది, అప్పుడు బయల్దేరిన నౌకకు ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది.

కాబట్టి స్పేర్లు ముందే వెంట తీసుకెళ్లాలి. 70 కిలోల పెట్టెలు పదకొండు వేసుకుంటే పైన చెప్పిన 760 కిలోల ఆదా హుష్‌కాకి. ఇది ఒక్క పంపు సంగతి. డ్రమ్ము, దాని బెల్టు, బేరింగులు, ఫిల్టర్ ట్యాంకులు, సెన్సర్లు, వాల్వులు అన్నీ అరిగేవే. ఏది ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ప్రతిదానికీ ఒకటో రెండో పెట్టుకోవాలి; తీసుకెళ్లినవాటిలో ఎక్కువ భాగం విప్పకుండానే తిరిగొస్తాయి, కానీ ఏవి అక్కర్లేదో ముందు చెప్పగలిగేవాళ్లు లేరు.

ఇక్కడ అసలు డిజైన్ లోపం కనబడుతుంది. కేంద్రంలో రిపేరు పద్ధతి పెట్టెల వారీగా నడుస్తుంది. లోపల చిన్న గొట్టం అరిగినా, ఒక సీలు పోయినా, మొత్తం పెట్టె ఊడదీసి కొత్తది బిగిస్తారు. వ్యోమగామి సమయం ఖరీదైనది, కింద నుంచి పార్టులు వస్తాయి, కాబట్టి ఈ పద్ధతి అక్కడ సబబే. దూర ప్రయాణానికి మాత్రం తలకిందులు కావాలి: పెట్టె విప్పి ఒక్క గొట్టం మార్చగలగాలి, ఒకే సైజు వాల్వు పది చోట్ల పనికిరావాలి, ఒకే మోటారు మూడు యంత్రాల్లో పట్టాలి. ఇప్పుడున్న వ్యవస్థలో ఆ సౌలభ్యం దాదాపు లేదు. రేటింగులో రెండు నక్షత్రాలు పోయింది ఇక్కడే.

శుద్ధి రెండో దశలో నీళ్లు వడపోత పడకల్లోంచి (మలినాలు పీల్చే గుళికలు నింపిన డబ్బాలు), తర్వాత 130 డిగ్రీల దగ్గర పనిచేసే ఉత్ప్రేరక రియాక్టర్‌లోంచి వెళ్తాయి. మిగిలిన సేంద్రియ పదార్థాలు ఆక్సిజన్‌తో అక్కడ కాలిపోతాయి. చివర్లో క్రిములు పెరగకుండా అయోడిన్ కలుపుతారు, తాగేముందు థైరాయిడ్‌కు ఇబ్బంది కాకుండా దాన్ని మళ్లీ తీసేస్తారు. నీళ్ల నాణ్యత మీద ఫిర్యాదు లేదు. 2010లో మాత్రం నీళ్లలో మొత్తం సేంద్రియ కార్బన్ పెరుగుతూ పోయింది. కారణం డైమిథైల్‌సిలేన్‌డయోల్ అనే పదార్థం. షాంపూ, క్రీముల్లాంటివాటిలో, సీలెంట్లలో ఉండే సిలికాన్ సమ్మేళనాలు గాలిలో కలిసి, తేమతో పాటు నీళ్లలోకి దిగి, ఇలా మారతాయి. ఆ మోతాదులో మనిషికి హాని లేదు గానీ, వడపోత పడకలు అనుకున్న గడువుకు ముందే మార్చాల్సి వస్తుంది. మూసిన గదిలోకి తెచ్చే ప్రతి డబ్బా ఎప్పటికో ఒకప్పటికి తాగేనీళ్లలోకి చేరుతుంది. స్పేర్ల జాబితా రాసేవాళ్లు సబ్బుల జాబితా కూడా చూడాలి.

ఇంకోటి బయోఫిల్మ్, అంటే గొట్టాల గోడలకు పట్టే క్రిముల జిగురు. మురుగునీటి ట్యాంకు నుంచి ఊడిన జిగురు ముక్కలు వాల్వును మూసేసిన సందర్భం ఉంది. తర్వాత అక్కడ ఫిల్టర్ అదనంగా పెట్టారు. కేంద్రంలో నీళ్లు రోజూ కదులుతూనే ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తున్నారు. అంగారక యాత్రలో మనుషులు కిందికి దిగాక పైన నౌక నెలల తరబడి ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. నిలిచిన నీళ్లలో ఏం పెరుగుతుందో, తిరిగొచ్చి స్విచ్ వేస్తే యంత్రం లేస్తుందో లేదో ఈ కేంద్రం చెప్పలేదు. అక్కడ యంత్రాలు అలా నెలల పాటు మనిషి లేకుండా పడి ఉన్నది ఎప్పుడూ లేదు.

ఆక్సిజన్ వైపు వెళ్తే 98 శాతం ఇంకా చిన్నబోతుంది. మనిషికి రోజుకు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. దానికి సుమారు 950 గ్రాముల నీళ్లు చీల్చాలి. నలుగురికి 1000 రోజులకు 3.8 టన్నులు. తిండిలోని తేమ, ఒంట్లో తిండి కాలినప్పుడు పుట్టే నీరు కొంత పూడుస్తాయి గానీ, తిండి కూడా మోసుకెళ్లాల్సిందే కదా. నీళ్లు చీలితే వచ్చే హైడ్రోజన్‌ను, మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే మీథేన్, నీళ్లు వస్తాయి. సబాటియర్ చర్య అని పేరు. 2010లో ఆ యంత్రం పైకి వెళ్లింది, 2017 దాకా నడిచింది, తర్వాత కిందికి తెచ్చారు. నడిచినప్పుడు కూడా సగమే లాభం: హైడ్రోజన్‌లో సగం మీథేన్‌లో చిక్కుకుని, ఆ మీథేన్‌తో పాటు బయటి శూన్యంలోకి పోతుంది. నాలుగు పాళ్ల హైడ్రోజన్‌కు ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ కావాలి కాబట్టి మనుషులు వదిలేదాన్ని మొత్తం వాడుకోవడానికి హైడ్రోజనే చాలదు. 3.8 టన్నుల్లో వెనక్కొచ్చేది 1.9. బాష్ చర్యతోనైతే హైడ్రోజన్ అంతా దక్కుతుంది, కార్బన్ మాత్రం మసిగా మిగిలి ఉత్ప్రేరకాన్నే కప్పేస్తుంది. నీళ్ల దగ్గర 300 కిలోలకు చేరామని పండగ చేసుకుంటూ, పక్కనే దాదాపు రెండు టన్నులు కారిపోతుంటే చూడకపోవడం ఏం లెక్క?

ఆక్సిజన్ యంత్రం తనకు తానుగా తరచూ ఆగిపోతుంది. హైడ్రోజన్ లీకైతే పేలుడే కాబట్టి సెన్సర్ ఏమాత్రం తేడా చూపినా మూసేస్తుంది. ఆ జాగ్రత్త తప్పు కాదు. సెన్సర్లకు ఆయుష్షు తక్కువ, క్రమం తప్పకుండా మార్చాలి. మూల పడితే వాడుకోవడానికి ఆక్సిజన్ కొవ్వొత్తులు (వెలిగిస్తే ఆక్సిజన్ వదిలే రసాయన డబ్బాలు), సిలిండర్లు ఉంటాయి. కొవ్వొత్తులు కూడా నిశ్చింతగా వాడేవి కావు. 1997 ఫిబ్రవరిలో మిర్ కేంద్రంలో మంట లేచింది అలాంటిదాని నుంచే.

కార్బన్ డయాక్సైడ్ తీసే యంత్రంలో నాలుగు పడకలు: రెండు తేమ పీల్చేవి, రెండు జియోలైట్ గుళికలవి. ఒక జత వాయువును పీలుస్తుంటే ఇంకో జతను వేడిచేసి ఖాళీ చేస్తారు. వేడి, చల్లదనం మార్చి మార్చి తగలడంతో గుళికలు పొడి అవుతాయి, పొడి వాల్వుల్లో చేరి ఇరుక్కుంటుంది. ఏళ్ల తరబడి ఇదే గోల. 2021లో పంపిన కొత్త నమూనాలో పడకల ఆకారం, గుళికల రకం మార్చారు, పొడి కిందికి పోకుండా చూశారు. గదుల్లో ఈ వాయువు పాదరసం లెక్కన 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండేది. బయటి గాలిలో ఉండేది సుమారు 0.3. తలనొప్పులు, మందకొడితనం ఈ స్థాయిల్లోనే మొదలవుతాయని వ్యోమగాముల అనుభవం. దానికి తోడు బరువులేని చోట వేడిగాలి పైకి లేవదు, ఫ్యాను లేని మూలలో నిద్రపోతే వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే నిలుస్తుంది.

2020లో కొత్త టాయిలెట్ పైకి వెళ్లింది, పాతదానికంటే 65 శాతం చిన్నది, 40 శాతం తేలిక, ఆమ్లానికి తట్టుకునే టైటానియం భాగాలు. మూత్రం వరకు భేష్. మలంలో నాలుగింట మూడొంతులు నీరే ఉన్నా దాన్ని ఇంకా ఎవరూ వెనక్కి తీయడం లేదు. డబ్బాలో బిగించి సరుకు నౌకతో పాటు వాతావరణంలో కాల్చేస్తారు. వ్యాయామానికి 2009 నుంచి ఉన్న యంత్రం 272 కిలోల దాకా బరువు మోపగలదు, రోజుకు రెండు గంటలు దీనికీ ట్రెడ్‌మిల్‌కూ సైకిల్‌కూ పోతాయి. సరైన వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరుగుతుంది. మంచి యంత్రాలే, కానీ ఇంత స్థలం దూరప్రయాణ నౌకలో దొరకదు.

ఈ ప్యాకేజీలో లేనివాటిని కూడా చెప్పాలి. రేడియేషన్ రక్షణ దీని పని కాదు. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్తూ కొలిచిన మోతాదు రోజుకు 1.8 మిల్లీసీవర్టులు, ఏడాది పాటు రానుపోను ప్రయాణంలోనే నాసా జీవితకాల పరిమితి 600 మిల్లీసీవర్టులు దాటిపోతుంది. తిండి మనిషికి రోజుకు సుమారు 1.8 కిలోలు, అంటే యాత్రకు ఏడు టన్నులు, ఇందులో రీసైక్లింగ్ సున్నా. నిల్వ ఏళ్లు గడిచేకొద్దీ బి1, సి విటమిన్లు తగ్గిపోతాయి. 2015లో కేంద్రంలో పండించిన పాలకూరలాంటి లెట్యూస్ ఆకులు మనసుకు మంచివి, కడుపుకు కాదు.

కస్టమర్ సర్వీసు విషయం. ఇన్నేళ్లూ ఈ యంత్రాలను నిజంగా నడిపింది కింద కంట్రోల్ గదుల్లో కూర్చున్నవాళ్లు. ఎర్ర లైటు వెలిగితే వ్యోమగామి కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. అంగారకుడి దగ్గర ఒక్క మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకు అంతే. సూర్యుడు అడ్డొచ్చినప్పుడు దాదాపు రెండు వారాలు మాటే ఉండదు. ఆక్సిజన్ యంత్రం ఆగితే ఎందుకు ఆగిందో నౌకలోని కంప్యూటర్, నలుగురు మనుషులే తేల్చుకోవాలి. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్, మాన్యువళ్లు అందుకు రాసినవి కావు.

స్థిరనివాసానికైతే ఈ వ్యవస్థను ఉన్నదున్నట్టు కొనమని చెప్పలేం. అంగారకుడి మీద 38 శాతం గురుత్వం ఉంది. ద్రవం అడుగుకు దిగుతుంది, బుడగ పైకి లేస్తుంది. తిరిగే డ్రమ్ము, ద్రవాన్నీ గాలినీ విడదీసే సెపరేటర్లు సగం అక్కర్లేదు. మామూలు బట్టీ చాలు. బదులుగా వేరే తలనొప్పులు వస్తాయి. ఫీనిక్స్ ల్యాండర్ 2008లో మట్టిలో పర్‌క్లోరేట్లు కనిపెట్టింది. అవి థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి, కాబట్టి అక్కడి మంచు కరిగించిన నీళ్లకు వేరే వడపోత కావాలి. అక్కడి గాలి నుంచి ఆక్సిజన్ తీసిన మాక్సీ అనే పరికరం 2021 ఏప్రిల్ 20న తొలిసారి 5.4 గ్రాములు ఇచ్చింది. 16 సార్లు నడిపి మొత్తం 122 గ్రాములు తీశారు. ఒక మనిషికి మూడున్నర గంటల ఊపిరి. పద్ధతి పనిచేస్తుందని రుజువైంది, సైజు ఇంకా చాలా పెరగాలి. మొక్కలు చూసుకుంటాయి లెమ్మనుకునేవాళ్లు బయోస్ఫియర్ 2ను, అంటే అమెరికాలో మొక్కలతో నింపి గాలి చొరకుండా మూసిన గాజు భవనాన్ని, గుర్తు చేసుకోవాలి. 1991లో ఎనిమిది మంది అందులోకి వెళ్లాక, మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేసి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు పీల్చేసుకుని, ఆక్సిజన్ 20.9 నుంచి 14 శాతం పైచిలుకుకు పడిపోయింది. 1993 జనవరిలో బయటి నుంచి పంపు చేశారు. అంగారకుడికి ఆ బయట ఉండదు.

కేంద్రాన్ని 2030 దాకా నడిపి ఆ తర్వాత సముద్రంలోకి దించాలన్నది నాసా ప్రణాళిక. బరువులేని చోట ఇలాంటి యంత్రాన్ని ఏళ్ల తరబడి నడిపి చూడగలిగే కేంద్రాలు ఇప్పుడు రెండే: ఇదొకటి, చైనా టియాంగాంగ్ ఇంకొకటి. దించేలోపు ఒక సెట్టు యంత్రాలను పక్కన పెట్టి, మొదటి రోజు ఇచ్చిన స్పేర్లతోనే, కింద నుంచి సలహా లేకుండా, మధ్యలో కొన్ని నెలలు నీళ్లు నింపి ఆపేసి, ఎంతకాలం లాగుతుందో చూడాలి. ఎన్ని కిలోల స్పేర్లతో ఎన్ని రోజులు నడిచిందన్న అంకె వస్తే రేటింగ్ మార్చడానికి అభ్యంతరం లేదు.